బీడీ కట్ట మీద లేని మాట

హనుమకొండ, 1982. ఆదివారం, పడుకోబోయే ముందు.

ప్రభుత్వం సిగరెట్ పెట్టె మీద ఆరోగ్యానికి హానికరమని రాయించి, బీడీ కట్టను ఎందుకు వదిలేసింది? ఏళ్లుగా ఈ ప్రశ్న నాతోనే తిరుగుతోంది.

సాయంత్రం మట్టెవాడలో అన్నయ్య ఇంటికి వెళ్లాను. వదిన చేటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆకు వాసన, పొగ, మునిమాపు వెలుగు కలిసి ఇల్లంతా నీళ్లలో మునిగినట్టు కనిపించింది. ఆ పొగలోంచి అన్నయ్య దగ్గు వినిపించింది.

“మానేసినవనుకున్న గదా అన్నా.”

“సిగరెట్ మానేసిన చెల్లె. పెట్టె మీది ఇంగ్లీషు నువ్వే గద చదివి చెప్పినవు. ఇది బీడీ. దీని మీద సర్కారు ఏం రాయలే, చూడు.”

వదిన నవ్వింది. “మీ అన్నకు నా కూరకన్న నా బీడీనే ముద్దు.”

సిగరెట్టయినా బీడీ అయినా హాని ఒకటేనని నోటిదాకా వచ్చింది. ఆమె వేళ్లు ఆగకుండా ఆకు మడుస్తున్నాయి. అన్నయ్య మగ్గానికి పని తగ్గాక ఇల్లు నడిచేది ఆ వేళ్ల మీదే. చెబితే, అన్నయ్య దగ్గినప్పుడల్లా ఆమె తన చేతుల వైపు చూసుకుంటుంది. చెప్పకపోతే ఆ దగ్గు...

నా కొంగుకు ఇంకా ఆ పొగ వాసన ఉంది. వచ్చే ఆదివారం మళ్లీ వెళతాను. చెప్పాలో వద్దో నాకింకా తేలలేదు.