ముప్ఫై ఏడు పళ్ళ మీద ఎరుపు

చోడవరం,
6 నవంబరు 2025

అనకాపల్లిలో లారీ గేర్ల షెడ్డు నడుపుతున్న శ్రీ బుడాన్ సాహెబు గారికి, మీ పాత భాగస్వామి బంగార్రాజు రాయునది.

మన షెడ్డుకు బోర్డు కట్టిన రోజున, గ్రీజు చేతిలో చెయ్యి వేసి మీరు నాకొక మాట ఇచ్చారు. "సింధూరం పూసి, పన్ను మీద అచ్చు సూడకుండా ఏ బండి గేర్లూ నీ సేతికివ్వను బంగార్రాజూ" అన్నారు. పన్నూ పన్నూ ఎక్కడ ఆనుతున్నాయో ఆ ఎరుపులో పడే అచ్చే చెబుతుంది. జత కలపడం మీ పని, బిగించడం నా పని. ఆ మాట 1994 దసరా మర్నాడు ఏమైందో మీకు తెలుసు. ఎరువు బస్తాలతో కె.కోటపాడు రోడ్డు ఎత్తు ఎక్కుతూ మన సొంత లారీ గేరు పళ్ళు రాల్చుకుంది. వెనక్కి జారి వరిచేలో పడింది. డ్రైవరు దూకి బతికాడు. మన స్నేహం దూకలేకపోయింది. ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా దాన్ని ఆ చేలోంచి తీసినవాడు లేడు.

ఇప్పుడు సంగతికి వస్తాను. నా లారీ వెనక ఇరుసు ముప్ఫై స్పీడు దాటితే కూస్తోంది. నాకు చెవుడు. ఆ కూత నాకే వినపడిందంటే ఊరికి ఎలా వినపడుతోందో ఊహించుకో. ఇక్కడి మెకానిక్ ఉదయ్‌కుమార్ ఒకసారి బాగుచేశాడు. అప్పటినుంచి ఇంకా గట్టిగా కూస్తోంది. నెల తిరిగేలోగా చక్కెర ఫ్యాక్టరీ తెరుస్తారు. బుచ్చయ్యపేట రైతులు కోసిన చెరకు పెట్టుకుని నాకోసం ఆగరు. ఇదే నా ఆఖరి బండి. ఇది ఆగిపోతే, నేను వీధిన పోయేవాళ్ళను తిట్టుకుంటూ కూర్చునే ముసలాణ్ణి అవుతాను. ఇప్పుడు కనీసం లారీలోంచి తిడుతున్నాను.

జత కలపడం తెలిసినవాడు ఈ చుట్టుపక్కల నువ్వొక్కడివే. నా ఖర్మ.

ఇట్లు,
క్షమించని
బంగార్రాజు

తా.క. ఫోన్ చెయ్యకు. వినపడదు. వినపడినా వినను.


అనకాపల్లి,
8 నవంబరు

బంగార్రాజుకు బుడాన్ సలాం.

ఇరుసు నడుమనున్న డిఫరెన్షియల్ మొత్తం దింపించి ఆటోలో పంపు. అందులో పెద్ద చక్రం క్రౌనూ, దాన్ని తిప్పే చిన్న పినియనూ ఒకదానితో ఒకటి అరగదీసి పుట్టించిన జత. విడదీయకు. ముఖ్యంగా కడగకు. నూనెలో ఇనుప రజను ఎక్కడ అంటుకుందో చూస్తే సగం జబ్బు తెలుస్తుంది.

ఆ పళ్ళ మధ్య మూడు వెంట్రుకల సందు ఉండాలి. ఎక్కువైతే కొట్టుకుంటాయి, తక్కువైతే వేడెక్కి కాలిపోతాయి. పది టన్నుల చెరకును మోసేది ఆ వెంట్రుకలేనని మనం ఒకప్పుడు అనుకునేవాళ్ళం.

మీ ఇంటావిడ అచ్చియ్యమ్మ గారు పోయారని రెండేళ్ళ కిందటే తెలిసింది. రానిస్తావో లేదో తెలియక రాలేదు.

నీ మేలు కోరే
బుడాన్

తా.క. నన్ను "మీరు" అని మొదలుపెట్టావు. పాపం, ఉత్తరం సగానికే అలిసిపోయావు.


చోడవరం,
10 నవంబరు

బుడాన్ సాహెబుకు, నమస్కారం ఒకటి, అదీ చిన్నది.

కడగొద్దన్నావు. మా కర్రి వారి ఇంటినుంచి జిడ్డు వస్తువు బయటికి పోయిన చరిత్ర లేదు. దగ్గరుండి అన్నీ విడదీయించి, కిరసనాయిలుతో రెండుసార్లు కడిగించి, పాత తువ్వాల్లో చుట్టి పంపుతున్నాను.

జత గురించి నాకు పాఠం చెప్పకు. అచ్చియ్యమ్మ పోయాక ఒంటి గేరు ఎలా తిరుగుతుందో రోజూ చూస్తూనే ఉన్నాను. దేనికీ పట్టదు, ఊరికే తిరుగుతుంది.

ఈసారి "సింధూరం లేదు" అనే సాకు నీకు మిగలకూడదు. మన పాత షెడ్డు గూట్లో ఎర్రమూత డబ్బా దొరికింది. అదీ పంపుతున్నాను. పళ్ళకు పూసి, తిప్పి, అచ్చు చూడు. ఈసారైనా చూడు.

ఇట్లు,
జ్ఞాపకశక్తి తగ్గని
బంగార్రాజు

తా.క. తువ్వాలు తిరిగి పంపాలి.


అనకాపల్లి,
13 నవంబరు

బంగార్రాజుకు సలాం.

జ్వరం చూస్తాను తీసుకురమ్మంటే, రోగికి తలంటి పౌడరు రాసి పంపినట్టుంది. రజను రవ్వంత మిగల్లేదు.

అది పోనీ. జతకు ఒకే నంబరు చెక్కి ఉండాలి. నీ క్రౌను మీద 118 ఉంది, పినియను మీద 164 ఉంది. ఇవి మొగుడూ పెళ్ళాలు కావు, బస్సులో పక్క సీట్లలో కూర్చున్నవాళ్ళు. కూయక ఏం చేస్తాయి? ఎవరు మార్చారో కనుక్కో.

నువ్వు పంపిన డబ్బాలోది సింధూరం కాదు. కుంకుమ. నూనెలో వేస్తే ఉండకట్టింది. మన పనికి కుంకుమ అడ్డం రావడం ఇది రెండోసారి.

బుడాన్

తా.క. ఆ ఆఖరి వాక్యం కొట్టేద్దామనుకున్నాను. కొట్టేస్తే వెలుతురుకు పెట్టి మరీ చదువుతావని వదిలేశాను.


చోడవరం,
15 నవంబరు

బుడాన్ సాహెబుకు, ఈసారి నమస్కారం లేదు.

నా ఇంటినుంచి జతగా వెళ్ళిన గేర్లు నీ ఇంట్లో పరాయివాళ్ళయ్యాయా? మంచి పినియను దాచుకుని చెత్తది చూపిస్తున్నావని అనుకోమంటావా? అనుకున్నాను.

ఏటి రెండోసారి? మొదటిసారి ఎప్పుడు? పోయిన మనిషి కుంకుమడబ్బా మీద నిందవేస్తే ఊరుకోను. చెప్తాను విను. దసరా మర్నాడు పొద్దున్నే షెడ్డు తెరిచాను. నువ్వు లేవు. బల్ల మీద డిఫరెన్షియల్ ఉంది. ముప్ఫై ఏడు పళ్ళూ ఎర్రగా ఉన్నాయి. సింధూరం పూసి అచ్చు చూసేశావని నమ్మాను. నమ్మి బిగించాను. అచ్చు చూడనివాడివి ఎరుపెందుకు పూశావు? చూశానని నన్ను నమ్మించడానికే కదా? ఆ ఎరుపును ఇన్నేళ్ళూ కళ్ళు మూసినా తెరిచినా చూస్తూనే ఉన్నాను.

జవాబు చెప్పు. లేకపోతే బస్సెక్కి వచ్చి నీ షెడ్డు ముందు నిలబడి అడుగుతాను. చెవిటివాడి గొంతు ఎంత దూరం పోతుందో మీ వీధికి తెలుస్తుంది.

బంగార్రాజు

తా.క. తువ్వాలు రాలేదు. అదీ మారిపోయిందా?


అనకాపల్లి,
19 నవంబరు

బంగార్రాజుకు,

నీ పినియను సంగతి ముందు. మా అమ్మాయి తహమీనా ఇప్పుడు షెడ్డు చూసుకుంటోంది. ఉదయ్‌కుమార్‌కు ఫోన్ చేసింది. "క్రౌను బాగానే ఉంది కదాని పినియనొక్కటే మార్సేనండి" అన్నాడట. దొంగ దొరికాడు. తిట్టకు, తెలియక చేశాడు.

ఇక మూసిపెట్టిన డబ్బా విప్పుతున్నాను.

దసరానాటి మధ్యాహ్నం గేర్లు అమర్చి బల్ల మీద పెట్టాను. సింధూరం ఇంకా పూయలేదు. మా రహిమున్నీసాకు నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. "అచ్చు చూడలేదు. నేను వచ్చేదాకా బిగించకు" అని చీటీ రాశాను. ఆయుధపూజకు పళ్ళెం సర్దుతున్న అచ్చియ్యమ్మ గారి చేతిలో పెట్టి బస్సెక్కాను. సాయంత్రానికి తహమీనా పుట్టింది.

అచ్చియ్యమ్మ గారు సుత్తులకూ పానాలకూ బొట్లు పెట్టి, గేర్లను మాత్రం ఎందుకు చిన్నబుచ్చాలనుకున్నారు. ఒక్క పన్నూ వదల్లేదు. నువ్వు చూసిన ఎరుపు అది.

లారీ పడిన వారానికి ఆవిడ ఒక్కతే కొబ్బరికాయ పట్టుకుని మా ఇంటికొచ్చింది. "అన్నా, నా బొట్టే ఆ పళ్ళు తినేసింది. ఆయనకి సెప్పకు. సెప్తే ఉన్న పుస్తకాలన్నీ తెరిసి, బతికినంతకాలం సదివి ఇనిపిస్తాడు" అని ఏడ్చింది. కుంకుమ ఇనుమును తినదమ్మా అంటే నమ్మలేదు. చీటీ ఏం చేశావని అడిగాను. "ఆయన తప్పకుండా సూసే సోటే ఎట్టేను" అంది. నీకు చెప్పనని మాటిచ్చాను. ఆవిడ పోయాక కూడా రెండేళ్ళు నిలబెట్టాను. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ప్రతి దసరాకూ మా ఇంటికి ఒక కొబ్బరికాయ వచ్చేది.

ఒక్క మాట మాత్రం నాకూ అడగాలని ఉంది. అచ్చు వేరు, బొట్టు వేరు. దగ్గరగా ఒక్క పన్ను చూసినా నీకు తెలిసేది. నువ్వు ఎడంచేత్తో పుస్తకం పట్టుకుని కుడిచేత్తో బోల్టులు బిగించేవాడివి కదా. ఆ రోజు కూడానా?

కొత్త జత అమర్చి పంపుతున్నాను. రెండింటి మీదా 207. సింధూరం పూసి తిప్పాను, తుడవలేదు. చూసి బిగించు.

బుడాన్

తా.క. తువ్వాలు కూడా పంపుతున్నాను. ఉతకలేదు. కడగడం నీకు సరదా కదా.


చోడవరం,
2 డిసెంబరు

బుడానూ,

నీ ఉత్తరం చాలా రోజులు పట్టింది చదవడానికి. ఇంత లావు పుస్తకాలు ఇంతకన్నా తొందరగా చదివాను.

భూతద్దం పెట్టుకుని ముప్ఫై ఏడు పళ్ళూ చూశాను. ప్రతి పన్ను నడుమా బియ్యపుగింజంత అచ్చు, అటూ ఇటూ పోకుండా. ఉదయ్‌కుమార్ నా చెవి పక్కనే నిలబడి, "తాతా, ఇంక బిగించేద్దుమా?" అన్నాడు. "ఉండరా, ఇంకోసారి సూడనీ" అన్నాను. బతుకులో ఒక్కసారి ఆ మాట అనాల్సిన రోజున అనలేదు.

నిన్న చెరకు లోడుతో అదే ఎత్తు ఎక్కాం. చెప్పు విప్పి అరికాలు బండి ఇనుముకు ఆనించి కూర్చున్నాను. చెవులు నాకు అబద్ధం చెప్తాయి గాని అరికాలు చెప్పదు. వణుకు లేదు. ఆ వరిచేను పక్కనుంచి పోతుంటే డ్రైవరు నా చెవికేసి వంగి, "ఏటి బాబూ, కళ్ళల్లో దుమ్ము పడిందా?" అన్నాడు. అవునన్నాను.

దసరా సామాన్లలో ప్రతి ఏడూ ఒక కొబ్బరికాయ తగ్గేది. "ఏటే, మళ్ళీ తగ్గింది?" అంటే అచ్చియ్యమ్మ, "కుళ్ళిపోయింది" అనేది. ఇరవై ఎనిమిది కాయలు కుళ్ళాయి. కొబ్బరికాయల కొట్టువాణ్ణి మార్చాను కూడా.

నేను తప్పకుండా చూసే చోటే పెట్టానందన్నావు. ఆ మాట పట్టుకుని పాత పుస్తకాల పెట్టె వెతికాను. ఆ దసరాకు చదువుతున్న పుస్తకం దొరికింది. లారీ పడిన రోజున విసిరికొట్టి, మళ్ళీ తెరవలేదు. అవును, ఆ రోజు కూడా అది ఎడంచేతిలోనే ఉంది. బోల్టులు పూర్తయ్యాయని ఆకు మడిచి ఆపాను. మడిచిన ఆకుకు రెండాకుల అవతల నీ చీటీ ఉంది, కుంకుమ వేలిముద్రతో సహా. చదువు రాని మనిషి, ఈ ఇంట్లో నేను తప్పకుండా చూసేది పుస్తకమేనని నమ్మి అందులో పెట్టింది. నిన్ను తిట్టడానికి మంచి మాటలు ఏరుకుందామని ఎన్ని పుస్తకాలు చదివానో! చదవాల్సింది ఐదు మాటలు.

ఆదివారం కొబ్బరికాయ తెస్తున్నాను. రానిస్తావో లేదో అడగను. తహమీనాను చూడాలి. ఆ పిల్ల వయసూ మన మౌనం వయసూ ఒకటే.

ఇట్లు,
నీ పాత భాగస్వామి

తా.క. సంతకం మరిచిపోయాననుకోకు. అచ్చియ్యమ్మ మీద కోపం లేదు, నీ మీద లేదు. ఒక్క మనిషి మీద మాత్రం ఇప్పటికీ పోలేదు, ఇక పోదు కూడా. ఆ పేరూ సంతకమూ రెండుసార్లు రాయడం దండగని ఇక్కడ ఒక్కసారే రాస్తున్నాను: కర్రి బంగార్రాజు.