పగడాలకు గాలి కావాలి

నువ్వు మోసగాడివి. సముద్రం ఊసే లేని పావగడలో ఉప్పునీటి అక్వేరియం పెట్టి, పగడాలు పెంచి, నా మీద వదిలేసి పోయావు.

ఈరోజు నీ ఏడాది కర్మ. సోలార్ పార్కు వైపు నుంచి దుమ్ము లేచిందని మీవాళ్లు కిటికీలన్నీ మూసేశారు. ఇంటినిండా జనం, సాంబ్రాణి పొగ. మధ్యాహ్నానికి మీటర్లో తొట్టి నీళ్ల పీహెచ్ ఎనిమిది కంటే కిందికి దిగింది. పగడాలు ముడుచుకున్నాయి. మూసిన గదిలో మనుషులు వదిలే గాలి ఆ నీళ్లను పులిపిస్తుందని నువ్వే చెప్పావు కదా.

మీ చిన్నాన్న తాంబూలం డబ్బా తీశాడు. "నీళ్ల పులుపు ఇరగాలని వాడు సున్నపుతేట పోస్తాండె గదమ్మా, ఇంత సున్నం ఎయ్యి."

"ఒకేసారి ఏస్తే సచ్చిపోతాయి మామా. వాటికి కావాల్సింది గాలి" అంటూ కిటికీలు తెరిచాను.

నీ ఫోటో ముందు దీపం ఆరిపోయింది. మీ అక్క లేచింది. "ఏందే ఇది? మొగుని దీపం కంటే ఆ రాళ్లు ఎక్కువైనాయా?"

"రాళ్లు కాదు వదినా, పానముండాది. దీపందేముంది, మళ్లా ముట్టిచ్చుకుందాం."

రేపే తొట్టి ఖాళీ చేయిస్తానంది. ఆచారం పేరు చెప్పి బతికున్నవాటికి ఊపిరాడకుండా చేస్తారా? సాయంత్రానికి పీహెచ్ మెల్లగా పైకొచ్చింది. ఆమెతో అన్నవే నీకూ రాస్తున్నాను. నా డిమాండ్లు ఇవి:

తొట్టి హాల్లోనే ఉంటుంది.

దీపం గూట్లో పెట్టుకోవాలి.

కిటికీలు తెరిచే ఉంటాయి. దుమ్ము నేను తుడుచుకుంటాను.

నన్నడగకుండా ఆ నీళ్లలో ఎవరూ చెయ్యి పెట్టకూడదు.