టోపీ కోసం నడిచిన పిల్ల

కామారెడ్డి

అక్కా,

ఎల్లారెడ్డిలో చలి ఇక్కడికంటే ఎక్కువగానే ఉండి ఉంటుంది. మా చిన్నది అనూహ్యను పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోవడానికి నువ్వు రానవసరం లేదు. రెండేళ్లు దాటినా పిల్ల నడవలేదని నీకున్న దిగులే నాకూ ఉండేది. నీ మరదలు త్రివేణి ముందు మాత్రం బయటపడలేదు.

డాక్టరు చెప్పినట్టు రోజూ పొద్దున మేడ మీద ఎండలో కూర్చోబెట్టి, గోరువెచ్చని నూనెతో దాని కాళ్లు రుద్దుతూ వచ్చాను. మొన్న పెద్దది సహస్ర చెల్లెలి ఉన్ని టోపీ తీసి తన తలకు పెట్టుకుని, పిట్టగోడ దగ్గర కూర్చుంది. అనూహ్యకు కోపమొచ్చింది. చాప మీద చేతులు ఆనించి లేచి నిలబడింది. నేను పట్టుకోబోయాను.

"ముట్టకు, దాన్ని పోనియ్యి" అంది త్రివేణి.

పిల్ల ఊగుతూ, ఆగుతూ, పిట్టగోడ దాకా నడిచి టోపీ లాక్కుంది.

"డాడీ, చెల్లె నడిశొచ్చి నా టోపీ గుంజుకున్నది" అని సహస్ర ఫిర్యాదు చేసింది. త్రివేణి చిన్నదాన్ని ఒళ్లోకి తీసుకుని ఏడ్చేసింది. నీకు ఫోన్ చేద్దామనుకున్నాను, చివరికి ఉత్తరమే రాస్తున్నాను.

ఇప్పుడు స్వెట్టర్ తొడగాలన్నా దాని వెంట ఇల్లంతా పరుగెత్తాలి. పక్కనే ఆయాసపడుతూ త్రివేణి అంటోంది: "పిల్ల ఒక్కకాడ కూసుంటలేదని అక్కకు రాయి."

నీ తమ్ముడు