ఉప్పు షెడ్డుపై నేనిచ్చిన ఫిర్యాదును వెనక్కి తీసుకొనుట గురించి

స్ట్రోమ్‌విక్ రేవు,
14 నవంబరు 1994.

మునిసిపాలిటీ పరిసరాల ఆరోగ్య అధికారి గారి సముఖమునకు, ఆల్చిప్పల పెంపకందారు తోర్గ్నీ హాల్‌బెక్, వయస్సు అరవై నాలుగు, వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: కుమారి వెండ్లా ఓస్ట్‌బెర్గ్ పరీక్షాశాలను మూయించవలెనని గత ఆగస్టు 9వ తేదీన నేను దాఖలు చేసిన ఫిర్యాదును రద్దుపరచి, సదరు పరీక్షాశాలను తిరిగి తెరిపించుట గురించి.

1. సదరు వెండ్లా, నాతో పాతికేళ్ళు ఒకే పడవ మీద పనిచేసి కాలం చేసిన హెల్గె కూతురు. యూనివర్సిటీలో పదేళ్ళు పరిశోధన చేసి, రెండేళ్ళ క్రితం ఊరికి తిరిగి వచ్చి, తండ్రి చేపలకు ఉప్పు పట్టించిన షెడ్డులోనే పరీక్షాశాల పెట్టుకున్నది. సముద్రంలో కొన్నాళ్ళు కంటికి కనపడని నాచు పెరుగుతుంది. దాన్ని తిన్న ఆల్చిప్పలకు విషమెక్కుతుంది. ఉడికించినా పోదు. నమూనా నగరానికి పంపితే జవాబుకు వారం పడుతుంది. ఆమె కనిపెట్టిన కాగితపు పట్టీ ఒక్క పూటలో చెప్పేస్తుంది. ఇదంతా ఫిర్యాదు వ్రాసిన నాటికే నాకు తెలుసు. తెలియక వ్రాశానని చెప్పుకొనే వీలు లేదు.

2. ఫిర్యాదులో "భరించరాని దుర్గంధము" అని వ్రాసి ఉన్నాను. దుర్గంధము వాస్తవమే. అది పక్కనే ఉన్న నా పీతల బుట్టల ఎర పీపాలది. "రేవులోకి వదలుచున్న రసాయనములు" అని కూడా వ్రాశాను. ఆమె వాటిని డబ్బాల్లో బిగించి నెలకోసారి తన వ్యానులో పట్టణానికి చేరవేసేది. ఒకసారి ఆ డబ్బాలు ఎత్తి వ్యానులో పెట్టింది నేనే.

3. ఫిర్యాదు క్రింద పంతొమ్మిది సంతకాలున్నవి. మనుషులు పెట్టినవి ఎనిమిది. తక్కిన పదకొండు మా వంటింటి బల్ల మీద నేను పెట్టినవి. అనుమానం రాకుండా రెండు పెన్నులు వాడాను. పదహారో సంతకందారు ఎడ్విన్ చనిపోయి అప్పటికి మూడేళ్ళు. తమ కార్యాలయము ఈ సంగతి గమనించలేదు. తమను తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు.

4. ఫిర్యాదుకు ముందటి వసంతంలో వెండ్లా రేవు సంఘం సమావేశానికి వచ్చి, షెడ్డుకు నీళ్ళ గొట్టం ఇప్పించమని అడిగింది. నేను లేచి అన్న మాటలు దాచకుండా వ్రాస్తున్నాను: "ఏమ్మా డాక్టరమ్మా, ఇక ఆల్చిప్పలకు కూడా నాడి చూస్తావా? ముందు నీకో మొగుణ్ణి చూసుకో, మా వ్యాపారం తర్వాత చూద్దువుగాని."

అందరూ పగలబడి నవ్వారు. అంతమందిని నవ్వించినందుకు నాకు గర్వమేసింది.

"నవ్వడం అయ్యాక గొట్టం సంగతి చెప్పండి బాబాయ్," అన్నది ఆమె.

ఇవ్వలేదు. నీళ్ళు బకెట్లతో మోసుకున్నది. ఆమె అప్పు అడిగిన బ్యాంకువాళ్ళు రేవు సంఘం మద్దతు ఉత్తరం తెమ్మంటే, ఆ ఉత్తరం వ్రాయకుండా అడ్డుపడ్డదీ నేనే. ఆగస్టు నెలాఖరుకు తమ ఉత్తర్వుతో షెడ్డుకు తాళం పడితే, తల్లి వంటింట్లో కిటికీ పక్కన సామాన్లు సర్దుకుని పని సాగించింది.

ఎందుకు చేశానంటే, ఆమె పట్టీ ఒక్కరోజు "వద్దు" అన్నా మా సరుకుకు చెడ్డపేరు వస్తుందని భయం. అసలు కారణం అంతకన్నా చిన్నది. నేను తాడుకు ముడి వేయడం నేర్పిన పిల్ల, నా నీళ్ళలో ఏముందో నాకే చెప్పడం సహించలేకపోయాను.

5. అక్టోబరు 2న నా భార్య మైలిస్ అరవయ్యో పుట్టినరోజు. పెద్ద గిన్నె నిండా ఆల్చిప్పలు కడిగి పెట్టుకున్నాం. పదకొండింటికి వెండ్లా వచ్చింది.

"బాబాయ్, నిన్న రేవులో మీరు ఆల్చిప్పలు పెంచే తాళ్ళ మీంచి గుప్పెడు కోసుకెళ్ళాను. అడక్కపోవడం తప్పే. కానీ ఇవి వండకండి."

"దొంగతనం కూడా మొదలెట్టావా?"

"తిట్టుకోండి. తిట్టుకుంటూనే పారబోయండి."

"మీ నాన్న ఉంటే నిన్ను చూసి సిగ్గుతో చచ్చేవాడు."

ఆమె కాగితపు పట్టీని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. నేను దాన్ని పొయ్యిలో వేశాను. మైలిస్ అప్పుడు పెరట్లో కుర్చీలు వేయిస్తున్నది.

తిన్నవారు ఇరవై ముగ్గురు. సాయంత్రానికి పదిహేడు మందికి వాంతులు, విరేచనాలు. మైలిస్ గుండె బలహీనమైనది. లేచి నిలబడలేకపోయింది. నేను మరుగుదొడ్డి గడప దాటే స్థితిలో లేను. ఫోను చేస్తే వచ్చింది వెండ్లాయే. మైలిస్‌ను ఎత్తి వ్యానులో పడుకోబెట్టి ఆసుపత్రికి చేర్చింది. అది ఏ విషమో ఆమె చెప్పబట్టి డాక్టర్లు వెతుకులాటతో పొద్దు పుచ్చలేదు. పదకొండు రోజుల తర్వాత మైలిస్ ఇల్లు చేరింది.

6. ఆసుపత్రిలో మైలిస్ నన్ను అడిగింది:

"వెండ్లా ముందే చెప్పిందటగా?"

"చెప్పింది."

"నువ్వేమన్నావ్?"

చెప్పాను. ఆమె గోడవైపు తిరిగి పడుకున్నది. నలభై ఏళ్ళ కాపురంలో అట్లా తిరగడం అదే మొదలు.

7. కావున, సదరు ఫిర్యాదును అబద్ధముల కాగితముగా పరిగణించి, వెండ్లా షెడ్డు తాళము తీయించి, దొంగ సంతకములకు నాపై ఏ చర్య తగునో అది జరిపించ ప్రార్థన. మైలిస్ ప్రాణము నిలిచినదని చెప్పి నాపై దయ చూపవద్దు. అందులో నా ప్రమేయమేమీ లేదని చిత్తగించవలెను.

తమ విధేయుడు (ఈసారి సంతకం నాదొక్కటే),
తోర్గ్నీ హాల్‌బెక్

తా.క.: ఈ అర్జీ వ్రాసి నాలుగు రోజులైంది. పోస్టు చేయబోతుంటే మైలిస్ పట్టుకున్నది. "ఆఫీసుకు రాసి చేతులు దులుపుకుంటావా? జనాన్ని నవ్వించిన చోటే నిలబడి చదువు," అన్నది. నిన్న రేవు సంఘంలో చదివాను. అయిదో అంశంలో వెండ్లా తండ్రి ప్రస్తావన దగ్గర చదవడం ఆపేశాను. వెండ్లా వెనక బెంచీ నుంచి వచ్చి, కాగితాలు తీసుకుని, అక్కడినుంచి తానే చదివింది.  ఆ వాక్యంతో సహా ఒక్క మాటా వదలకుండా చివరి దాకా చదివి, నా చేతిలో పెట్టింది. "పోస్టు చెయ్యండి," అన్నది. బాబాయ్ అనలేదు. క్షమించావా అని అడిగే మొహం నాకు లేక ఇంటికొచ్చేశాను.

కాగితాలు నలిగినవి. శుభ్రంగా తిరగ వ్రాద్దామని కూర్చున్నాను గాని, ఆమె చదివిన కాగితాలే తమకు చేరడం న్యాయమనిపించింది.