గోడగారి ముక్కు

పాత ఆటగాళ్ల కార్డులమ్మే దుకాణదారుగారికి,

నమస్కారం. మీతో మాట్లాడాలంటే సైటులో టైపు చెయ్యాలట. నాకు ఉత్తరం రాయడమే వచ్చు గనక పార్సిల్ మీదున్న చిరునామాకి రాస్తున్నాను.

మీరు పంపిన ఫుట్‌బాల్ గోల్‌కీపర్ కార్డు అందింది. ఒకప్పుడు 'గోడ' అని పేరుపడ్డ ఆటగాడిది. అయితే కార్డులో ఆయన ముక్కు తిన్నగా ఉంది. ఆయన ముక్కు వంకర, ఎడమవైపుకి తిరిగి ఉంటుంది. సైటులో బొమ్మ గోరంత ఉండటంతో అప్పుడు పోల్చుకోలేకపోయాను. ఆ వంకర కోసమే కార్డు కొన్నాను. ముక్కు ఏమైందో దయచేసి తెలియజేయగలరు.

ఇట్లు,
ఒక కొనుగోలుదారు

తా.క.: కార్డు అంచులు మా మనవరాలి గోళ్లకన్నా శుభ్రంగా ఉన్నాయి. ఇన్నేళ్లూ ఏ గాలీ తగలకుండా ఎక్కడ దాక్కుందో.

*

గౌరవనీయులైన కొనుగోలుదారుగారికి,

కార్డు మరీ బాగుందని ఫిర్యాదు చేసినవారు మా దుకాణం చరిత్రలో మీరే మొదటివారు. మా కార్డులన్నిటినీ స్వతంత్ర నిపుణులు పరీక్షించి, పదికి ఇన్నని మార్కులు వేసి, ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేస్తారు. మీ కార్డుకి తొమ్మిది వచ్చాయి. ముక్కు వంకర అంటున్నారంటే తమరు ఇంకెవరినో తలుచుకుంటున్నారు. గోడగారి మీద ఎంతో కాలంగా పరిశోధన చేస్తున్నవాణ్ణి. ఆయన ముక్కు నాకు కొట్టిన పిండి.

మీ విధేయుడు,
దుకాణదారు

తా.క.: గోడగారు కాలం చేశారు కాబట్టి ఈ కార్డుకి గిరాకీ ఇంకా పెరుగుతుంది. జాగ్రత్తగా దాచుకోండి.

*

పరిశోధకులవారికి,

నేను కాలం చేసిన సంగతి మీ ఉత్తరం ద్వారానే తెలిసింది. మా ఆవిడకి చదివి వినిపిస్తే, "అలాగైతే మంచం కింద ఉన్న ఆ పాత బూట్లు ఇవాళే పారేస్తాను" అంది.

గోడని నేనే. ఈ ముక్కు గొడవ నాకు వేళాకోళం కాదు. మా మనవరాలు స్కూలు జట్టులో గోల్‌కీపరు. ఈమధ్య బంతి మొహానికి తగిలి ముక్కు ఎముక చిట్లింది. దెబ్బ మానింది గానీ, పిల్ల మైదానం పేరెత్తితే గది తలుపేసుకుంటోంది. నా ముక్కూ ఆటలోనే విరిగిందంటే నమ్మదు. మా ఆవిడ ఎప్పుడో నా మీద కోపంతో బాత్రూంలో జారిపడ్డాడని చెప్పింది, ఇంట్లో అదే ఖాయమైపోయింది. విరిగిన ముక్కుతోనే మళ్లీ గోల్‌లో నిలబడ్డానని చూపించడానికే కార్డు తెప్పించాను. అది చూసి పిల్ల, "నీకేం కాలేదుగా తాతా" అంది.

డబ్బు వెనక్కి అడగను. 'ముక్కు నేనే దిద్దాను' అని ఒక్క వాక్యం రాసి సంతకం చేసి పంపండి. పిల్లకి చూపిస్తాను.

ఇట్లు,
గోడ

తా.క.: బూట్లు దక్కాయి.

*

అయ్యా,

మీ ఎత్తు నాకు అర్థమైంది. మా ఎదురు మేడలో కార్డులమ్మేవాడు మీచేత ఇదంతా రాయిస్తున్నాడు. నేను దిద్దానని సంతకం పెడితే రేపు దాన్ని ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తాడు. మనవరాలి కథ బాగా కుదిరింది గానీ నేను కరిగే మనిషిని కాదు. మీరే గోడగారైతే రుజువు పంపండి.

ఇట్లు,
దుకాణదారు

తా.క.: ఒకవేళ మీరు నిజంగా ఉన్నారనే తేలితే, ఆ మాట బయట ఎక్కడా అనకండి. నా దగ్గర మీ కార్డులు ఇంకా మిగిలి ఉన్నాయి.

*

దుకాణదారుగారికి,

రుజువు జతచేశాను. పక్కనుంచి మా ఆవిడ తీసిన ఫొటో. కొంచెం ఊగింది గానీ ముక్కు స్పష్టంగా పడింది.

పిల్ల తన గ్లవ్స్ సంచిలో పెట్టి, ఆదివారం కోచ్‌కి తిరిగిచ్చేయమని నా చేతిలో పెట్టింది. ఆ సంచిని మంచం కింద నా బూట్ల పక్కన పెట్టాను. ఆదివారంలోగా మీ వాక్యం రాకపోతే నేనే మీ ఇంటికొస్తాను. మీ గుమ్మంలో కార్డు ఒక పక్క, నా మొహం ఒక పక్క పెట్టి నిలబడతాను.

ఇట్లు,
గోడ

తా.క.: ఎదురు మేడాయన్ని నేనెరగను. వచ్చినప్పుడు పరిచయం చేసుకుంటాను.

*

గోడగారి పాదాలకు నమస్కరించి,

ఫొటో చూశాను. తమరు శ్రమపడి రావద్దు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నలిగిన అంచులు బ్లేడుతో కోశాను. తెల్లబడ్డ మూలలకి రంగు పెన్ను అద్దాను. మధ్యలో మడత ఉంటే తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేశాను. అది న్యాయానికి నాలుగు మార్కుల కార్డు. మీరు పోయారని పుట్టించిందీ నేనే. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ నా పిల్లల మీద ఒట్టు, ముక్కు జోలికి మాత్రం వెళ్లలేదు. చెయ్యని తప్పు నా నెత్తిన రుద్దకండి. నాకూ పరువుంది.

క్షమించమని వేడుకుంటూ,
దుకాణదారు

తా.క.: ముక్కులు దిద్దేంత పనితనమే ఉంటే ఈ వ్యాపారంలో ఎందుకుంటాను?

*

దుకాణదారుగారికి,

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేవాళ్లని చూశాను. బ్లేడూ ఇస్త్రీపెట్టే బయటపెట్టి, కాయ మాత్రం నాది కాదన్నవాణ్ణి మిమ్మల్నే చూశాను.

మీ ఒట్టు సంగతి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ కార్డుని కిటికీ దగ్గర పట్టుకుని చూసి, "ఇది దెబ్బ తగలకముందు తీసిన ఫొటో. ఆ స్వెట్టరు నేను అల్లిందే, దెబ్బ తగిలేనాటికే చిరిగిపోయింది" అంది. నిజమే. ముక్కు విషయంలో మీరు నిర్దోషులు. నన్ను క్షమించండి.

పిల్లకీ ఆ మాటే చెప్పాను, నా దగ్గర రుజువేమీ లేదని. అది వేలితో నా ముక్కెముక తడిమింది. "నొప్పి పుట్టిందా తాతా?" అని అడిగింది. ఇంతవరకూ దానికి ఏం కాదులే, ఏం కాదులే అనే చెబుతూ వచ్చాను. ఆ వేలు ముక్కు మీద ఉండగా అలా అనలేకపోయాను. ప్రాణం పోయినంత నొప్పి పుట్టిందని, మళ్లీ గోల్‌లోకి వెళ్లిన రోజు కాళ్లు వణికాయని, బంతి చప్పుడు వింటే ఇప్పటికీ కన్ను అదురుతుందని చెప్పాను. "మరి ఇన్నాళ్లూ నాకొక్కదానికే భయం అనుకున్నాను కదా" అని నా మీద విరుచుకుపడి ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు.

ఆదివారం సంచి తనే మోసుకుంటూ మైదానానికి నడిచింది. కోచ్ చెయ్యి చాపితే ఇవ్వలేదు. గ్లవ్స్ తొడుక్కుని గోల్ ముందు నిలబడింది. మొదటి బంతికి కళ్లు మూసుకుంది. అయినా అక్కడినుంచి కదల్లేదు.

ఇట్లు,
గోడ

తా.క.: మీ ఒప్పుకోలు నకలు పెట్టి సైటువాళ్లకి ఫిర్యాదు చేశాను. దాన్ని స్వతంత్ర నిపుణులకి పంపామని జవాబిచ్చారు. నిపుణుల చిరునామా చూస్తే మీ ఇంటిదే. మీ ఉత్తరం మళ్లీ మీకే వస్తుంది. చదివి, ఈసారైనా న్యాయంగా మార్కులు వెయ్యండి.