గుంట వెనక మాట

అన్నయ్యగారికి,

మా ఇంట్లో ఉన్నదానిలాంటి గోల్ఫ్ మ్యాట్ మీరూ కొనాలనుకుంటున్నారట. ఇంట్లో దానిమీద కొడితే గ్రౌండులో ఆట నిజంగా బాగుపడుతుందా అని అడిగారు. మీ స్నేహితుణ్ణి, అదే మా ఆయన్ని, అడిగితే బ్రహ్మాండం అంటారు. అందుకే నేను రాస్తున్నాను.

ఇంట్లో ఆయన గురి తప్పదు. వరండాలో పరిచిన మ్యాట్ మీద ఈ చివర నిలబడి కొడితే బంతి తిన్నగా వెళ్లి ఆ చివర గుంటలో పడుతుంది. గ్రౌండులో పక్కనుంచి పోతే గడ్డి తడిగా ఉందని మీతో అంటున్నారట. గడ్డి తప్పేమీ లేదు. ఆయనకు చూపు తగ్గిపోతోంది. గుంట కనబడదు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టి మీకు చెబుతున్నాను.

మరి ఇంట్లో ఎలా పడుతోందంటారా? గుంట వెనక పీట వేసుకుని, బట్టలు మడతపెడుతూ ఏదో ఒకటి వాగుతూ ఉంటాను. ఆయన నా గొంతువైపు కొడతారు. ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ పైకి అనుకోలేదు. నా వాగుడుకి తలనొప్పి అని విసుక్కునే మనిషి, నేను కాస్త ఆగితే బంతి ముందు అలాగే నిలబడిపోతారు.

మీ ఆటలో ఒకరు కొట్టేటప్పుడు మిగతావాళ్లు మర్యాదగా నోరు మూసుకుంటారట కదా. ఆ మర్యాదే ఆయన్ని ఓడిస్తోంది.

మ్యాట్ కొనడం, మానడం మీ ఇష్టం. ఈ ఆదివారం మాత్రం ఆయన వంతు వచ్చినప్పుడు గుంట వెనక నిలబడి మాట్లాడండి. కూరగాయల ధరలైనా సరే. ఆయన విసుక్కుంటారు. మీరు ఆపకండి.

మీ చెల్లెలు