మాయ్ అతికిన మెట్ల కర్ర

మాజోర్డా, గోవా,
మే 19, 1978.

ప్రియమైన కుస్తోదియోకు,

దేవుడి దయవల్ల ఇక్కడ నేనూ మీ అమ్మా కులాసాగానే ఉన్నాం. ఓడ మీద నువ్వూ అలాగే ఉండాలని రోజూ జపమాలలో అడుగుతున్నాం. మొంబాసా నుంచి నువ్వు వేసిన కార్డు అందింది. వానలకు ముందు పెంకులు సర్దించారా అని అడిగావు. సర్దించాం. మాయ్ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయని అడిగావు. ఆ నొప్పులతోనే ఆవిడ మెట్ల మీద కూర్చుని ఒక పని చేసింది. అది చూశాక నీకు రాయకుండా ఉండలేకపోయాను.

మన మెట్ల రెయిలింగు కింద వరుసగా పనస కర్రలున్నాయి కదా, ఆవిడ పెళ్ళికి వాళ్ళ నాన్న స్వయంగా చెక్కి నిలబెట్టినవి. వాటిలో పైనుంచి నాలుగోది పోయిన శుక్రవారం నిలువునా చీలి విరిగింది. మాయ్ చర్చి నుంచి వచ్చేసరికి నేను చీపురు పట్టుకుని ఉన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"ఆగవే. ఊడ్చావంటే మా నాన్న చెత్తలోకి పోతాడు."

పేపరు పరిచి, గోరంత పెచ్చు కూడా వదలకుండా ఏరింది. పక్కింటి వడ్రంగి ఇనాస్ వచ్చి చూసి నవ్వాడు.

"అమ్మా, రెండ్రోజుల్లో కొత్తది చేసిస్తా. ఈ పుల్లలు పొయ్యిలో పెట్టుకో."

"నీ కొత్తది నీ ఇంట్లో పెట్టుకో. నువ్వు మేకులు కొడతావ్. మా నాన్న మేకు ముట్టలేదు."

ముందు బంక లేకుండా ముక్కలన్నీ మూడుసార్లు పేర్చి చూసుకుంది. వడ్రంగుల బంకను డబ్బాలో వేసి, డబ్బాను వేడినీళ్ళలో పెట్టి కరిగించింది. సన్న పెచ్చులను నా కనుబొమల పట్టకారుతో అంటించింది. నీ పాత సైకిలు ట్యూబును పీలికలుగా కోసి బిగించి చుట్టి, రెండు రోజులు ముట్టుకోనివ్వలేదు. నిన్న నేను భుజంతో రెయిలింగును కాస్త ఎత్తి పట్టుకుంటే, ఆవిడ కర్రను దాని గుంటలోకి దింపింది. అతుకు ఎక్కడో వేలితో వెతికాను, దొరకలేదు. మూడేళ్ళుగా నేను ఆవిడ నోరే చూశాను కానీ చేతులు చూడలేదు. ఎంత గొప్ప చేతులు కుస్తోదియో!

ఇక దాచిన సంగతి. బియ్యం మూట తగిలి విరిగిందని మాయ్‌తో చెప్పాను. అది అబద్ధం. ఆ రోజు చేపల కూరలో పులుపు ఎక్కువైందని, "మీ పుట్టింట్లో నేర్పింది ఇంతేనా?" అంది మాయ్. ఆవిడ చర్చికి వెళ్ళగానే నా ఆకుపచ్చ ఇనప్పెట్టె సర్దుకున్నాను. మళ్ళీ ఈ గడప తొక్కకూడదనే అనుకున్నాను. మెట్లు దిగుతుంటే పెట్టె చెయ్యిజారి కర్రకు కొట్టుకుంది. భయమేసి పెట్టెను మళ్ళీ పైకి మోసి మంచం కిందికి తోసేశాను.

నిన్న పనంతా అయ్యాక మాయ్ పిడికిలి విప్పి చూపించింది. అందులో ఆకుపచ్చ రంగు పెచ్చు ఒకటి ఉంది.

"చీలికలో దొరికింది. మీ ఊళ్ళో బియ్యం మూటలకి రంగేస్తారా?"

నాకు ఏడుపొచ్చేసింది. ఆవిడ నా వైపు చూడకుండా రెయిలింగు తుడుచుకుంటూ అంది:

"ఈసారి వెళ్ళేటప్పుడు నన్ను కేకెయ్యి. పెట్టె రెండోవైపు నేను పట్టుకుంటా. అంత బరువు ఒక్కదానివే మోస్తే నడుం పోదూ?"

మార్గావ్‌లో వేరే కాపురం పెడదామని నేను రాసినదానికి నువ్వింకా జవాబు రాయలేదు. ఇక రాయకు.

ఇట్లు,
నీ భార్య, మాయ్‌కి కోడలు,
లిబెరాటా